నా కాలి మీద అప్ప చెయ్యి

ఒకటి

కింతలి డాక్టరు ఈ పలక నా చేతిలో పెట్టి, "ఈ మోసే బరువు దిగేదాకా ఏదో ఒకటి రాస్తూ ఉండండమ్మా, మీకేం అనిపిస్తే అది" అన్నాడు. ఏం అనిపిస్తుంది? నా ఎడమ పిక్క మీద ఇంకో మనిషి చెయ్యి ఉంది. అంతకు మించి ఏమీ అనిపించడం లేదు.

దుప్పటి ఎత్తి ఒక్కసారే చూశాను. మోకాలికి జానెడు కింద, లోపలి వైపు, మణికట్టు దగ్గర అతికించారు. అరచెయ్యి బయటికి తిరిగి ఉంది, వేళ్లు పాదం వైపు వేలాడుతున్నాయి. గోళ్లకి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఆ గోరింటాకు రుబ్బింది నేను. మా తోడికోడలు అసిరమ్మప్ప ముందు తను పెట్టుకుని, గిన్నెకి అంటుకున్నది నాకిచ్చింది. ఇప్పుడు ఆ చెయ్యే నా కాలి మీద ఉంది.

జరిగింది చెప్పాలంటే నా మొగుడి గురించి చెప్పాలి. ఆయనా, బావగారూ మంచు తవ్వకానికి బయల్దేరారు. వెళ్తే నెలల తరబడి రారు, వెళ్లకపోతే మా అడుగువలసకి నీళ్లుండవు. ఈయనగారు ఎప్పట్లాగే ఒక చేతి తొడుగు బల్ల మీద మర్చిపోయాడు. ఊళ్లో గాలి బయటికి పోకుండా కాచే ఇనప వాకిలి తలుపు మూసుకుంటుంటే అప్ప పరిగెత్తి దాన్ని అందించబోయింది. తొడుగు అవతలికి వెళ్లింది. దాంతోపాటు చెయ్యీ వెళ్లింది.

మామూలుగా అయితే ఆ పూటకి ఆ పూటే అతికించేసేవాళ్లు. కానీ తెగిన చోట బయటి ఉప్పుమన్ను పడి ఆవిడ రక్తంలో కలిసింది. మన్ను కలిసిన ఒంటికి ఏది అతికించినా కుళ్లిపోతుంది. రక్తం కడగడానికి రెండు నెలల పైన పడుతుంది. యంత్రంలో పెడితే చెయ్యి వారం కూడా బతకదు. అందుకే ఎవరో ఒకరు దాన్ని ఒంటి మీద మోయాలి. అడుగువలసలో అందరి నెత్తురూ చూస్తే నాతో ఒక్కదానితోనే పొంతన కుదిరింది. పెళ్లికి మా ఆయనతో కూడా నాకింత పొంతన కుదరలేదు.

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? తొడుగు నా మొగుడిది. కానీ భయంగా ఉంది, పిక్క మీద ఏదో బరువుగా, వెచ్చగా కొట్టుకుంటోంది. అది నా నాడి. ఆవిడ చేతిలో నా నాడి కొట్టుకుంటోంది.

రెండు

ఇంటికి పంపేశారు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు రెండే. ఒకటి, ఆ చేతిని నేను వాడకూడదు. దాని గురించి ఎక్కువ ఆలోచించకూడదు కూడానట. ఆలోచించొద్దంటే మనిషికి ఇంకేం గుర్తొస్తుంది?

రెండోది పలకరింపు. చెయ్యి ఎవరిదో వాళ్లు రోజూ వచ్చి, తమ రెండో చేత్తో దాన్ని పట్టుకుని, నూనె రాసి, వేళ్లు వంచి, పేరు పెట్టి పలకరించాలి. అలా చేయకపోతే తలలో చేతి చోటు మూసుకుపోతుందట. రేపు అతికించినా, ఆ చెయ్యి తనదని తలకి తెలియదట.

"మా అప్పకి తలలో మూసుకోవడానికి చోటెక్కడుందండీ, అంతా తాళాలే కదా" అన్నాను. డాక్టరు నవ్వలేదు.

ఇరుగుపొరుగు వచ్చి నేనేదో కడుపుతో ఉన్నట్టు చూసి వెళ్తున్నారు. ఒకావిడ చింతకాయ పచ్చడి తెచ్చింది. ఇంకొకావిడ కూర్చోబెట్టి జడ వేసింది. మోసేమనిషికి చాకిరీ చెప్పకూడదని మా ఊళ్లో పట్టింపు. ఆ సుఖం మాత్రం బాగానే ఉంది. కానీ నీళ్ల గొట్టాల బావి దగ్గర నా పని ఇంకెవరో చేస్తున్నారు, వాళ్లు మరలు సరిగ్గా బిగిస్తున్నారో లేదోనని అదొక దిగులు. ఆ పని ఉత్త చేతులతో అయ్యేది కాదు. రెండు చేతుల్లో పనిముట్లు పట్టుకుని, కాలివేళ్లతో కమ్మీలు పట్టి ఎక్కాలి. అందుకే నా కాళ్లంటే నాకు ప్రాణం.

అప్ప సాయంత్రం వచ్చింది. పొద్దంతా రక్తం కడిగే యంత్రం దగ్గర ఉంటుంది. గంజి తప్ప ఇంకేదీ ముట్టకూడదు కాబట్టి మొహం పీక్కుపోయింది. గుమ్మంలోనే నిలబడింది. కుడి చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి కట్టు.

"ఉన్నాదా?" అంది.

"ఉంది. ఎక్కడికి పోతుంది?"

"నొప్పి పెడతన్నాదేటి?"

"నాకా, దానికా?"

లోపలికి రాకుండానే వెళ్లిపోయింది.

మూడు

మర్నాడు లోపలికొచ్చింది. వచ్చి గదికి ఆ చివర పీట మీద కూర్చుంది. నేను ఈ చివర మంచం మీద కాలు చాపి, గుడ్డ విప్పి సిద్ధంగా ఉన్నాను. నూనె గిన్నె కూడా పెట్టాను.

"ఏమే, బాగున్నావా" అని అక్కణ్నుంచే అంది. నన్ను కాదు, చేతిని.

"దగ్గరికొచ్చి పట్టుకో అప్పా. డాక్టరు చెప్పాడు కదా."

"పలకరించమన్నాడు. పలకరించినాను కదా."

"పట్టుకుని పలకరించమన్నాడు."

"నాకు ఈ సెయ్యి వొణుకుతాది. రేపు సూద్దాం."

రేపు అంటూ అంటూ పది రోజులు దాటించేసింది. రావడం, అంత దూరంలో కూర్చోవడం, చేతికేసి ఆశగా చూడటం, లేచిపోవడం. నాకు ఒళ్లు మండిపోతోంది. నాకు తెలుసు ఆవిడ సంగతి. ఈ ఇంట్లో రెండు పొయ్యిలు ఊరికే రాలేదు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ కుర్చీలో కూర్చున్నానని ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అలాంటి మనిషి ఇప్పుడు నా ముందు కింద కూర్చుని నా కాలు పట్టుకోవాలి. నామోషీ! చెయ్యి పోయినా పర్వాలేదు, మర్యాద పోకూడదు.

డాక్టరుకి చెప్పాను. ఆవిణ్ని పిలిచి కేకలేశాడట. ఆవిడ తలూపిందట. ఇవాళ కూడా అదే పీట, అదే దూరం.

నాలుగు

చెయ్యి కదిలింది.

పొద్దున్న ఊరి దీపాల వెలుగు పెంచిన వేళకి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఎవరైనా నిలబడాలంటే నేల మీది కమ్మీల కింద కాలివేళ్లు దూర్చి బిగించాలి. పుట్టినప్పటి నుంచీ చేసే పనే, ఎవరూ ఆలోచించి చేయరు. నేనూ అలాగే బిగించాను. పిక్క దగ్గర చీర కుచ్చెళ్లు ఎవరో లాగినట్టయింది. చూస్తే ఆ చెయ్యి చీర పట్టుకుని ఉంది.

కాలివేళ్లు వదిలాను. అదీ వదిలింది. మళ్లీ బిగించాను. మళ్లీ పట్టుకుంది.

కూర్చుని ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు. భయమూ ఉంది, అసహ్యమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది. ఆ వేళ్ల చివర చీర గరుకు నాకు తెలిసింది. మా అప్ప వేళ్లతో నా చీర నేనే ముట్టుకున్నాను.

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన సూదులు పెట్టి, తెర మీద గీతలు చూసి, కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"మీ పాదాన్ని కదిపే నరం ఈ చేతిలోకి పాకిందమ్మా. మీరు నిలబడ్డ ప్రతిసారీ దానికి పని నేర్పుతున్నారు."

"నిలబడకుండా ఎలా ఉంటానండీ?"

"మీ తప్పు కాదు. ఆవిడ పలకరింపు ఉంటే ఇంత తొందరగా పాకేది కాదు. ఆవిడ తలలో చేతి చోటు ఇప్పటికే సగానికి వచ్చేసింది. ఇలాగే సాగితే ఆ చెయ్యి మీది అయిపోతుంది. మీది అయ్యాక తీసి ఆవిడకి పెడితే, అది ఉత్త మాంసమే."

"నాకు మూడో చెయ్యి ఎందుకండీ?"

"ఉంచడం కూడా కుదరదు. ఇంకొన్నాళ్లకి మీ ఒళ్లే దాన్ని తోసేస్తుంది. అంటే ఇద్దరికీ కాకుండా పోతుంది."

ఇంటికి వస్తుంటే దారి పొడుగునా కమ్మీలు పట్టుకున్న ప్రతి అడుగుకీ అది పిడికిలి బిగిస్తూనే ఉంది.

ఐదు

ఇవాళ ఆగలేకపోయాను. ఆవిడ పీట మీద కూర్చోగానే మొదలుపెట్టాను. నీకు నీ చెయ్యి అక్కర్లేదా అన్నాను. నా కాలు పట్టుకుంటే నీ కిరీటం పడిపోతుందా అన్నాను. మీ మరిది తొడుగు మర్చిపోయిన పాపానికి నేను ఈ దెయ్యాన్ని మోస్తున్నాను, నువ్వు తీర్థానికొచ్చినట్టు వచ్చి చూసి పోతున్నావు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

అప్ప తల వంచుకుని విన్నది. తర్వాత, "నాను నీకంటే పెద్దదాన్నే, సూరమ్మా" అంది.

"తెలుసు. అదేగా నీ బాధ!"

"అదేనే. పెద్దోళ్లు సిన్నోళ్ల కాళ్లు ముట్టుకుంటే ఆ సిన్నోళ్ల ఆయుస్సు తగ్గిపోద్ది. నీకు తెల్దేటి?"

"మా సెల్లికి కాలు ఇరిగితే ఈ సేతుల్తోనే కట్టు కట్టినాను. ఏడాది తిరక్కుండా పోనాది. ఊపిరితిత్తుల్లో మన్ను సేరిందన్నారు డాక్టర్లు. ఆళ్లకేటి తెలుసు? ముట్టుకున్నది నాను."

"ఇన్నాళ్లూ ఇందుకా దగ్గరికి రాలేదు?"

"మరెందుకనుకున్నావే?"

"నామోషీ అనుకున్నాను."

"నామోషీయా! నీ పేనానికి బయపడి సస్తన్నాను నాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆవిణ్ని కొట్టాలనిపించింది. "మరి నీ చెయ్యి పగలూ రాత్రీ నా కాలి మీదే ఉంది కదా, దానికేమంటావు?" అన్నాను.

"అదే కదా నా దిగులు. అది సాలదని రెండోది కూడా పెట్టమంటావేటి?"

సైన్సు చెప్తే వినే రకం కాదు. అందుకని ఆవిడ దారిలోనే వెళ్లాను. రోజూ ముందు నేను నీ కాళ్లకి దండం పెడతాను, నువ్వు నిండు నూరేళ్లూ బతకమని దీవించు, ఆ తర్వాత నా కాలు పట్టుకో, చెల్లుకి చెల్లు అన్నాను. ఎడమ చేతి వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది.

"రెండుసార్లు దండం పెట్టు" అంది. "ఒకటి ఎక్కువే ఉండాల."

పెట్టాను. దీవించింది. వచ్చి కింద కూర్చుని, ఎడమ చేత్తో తన కుడి చేతిని పట్టుకుంది. పట్టుకుని, అచ్చం తప్పిపోయిన పిల్ల దొరికినట్టు, దాన్ని మొహానికి ఆనించుకుంది.

ఆరు

రోజూ వస్తోంది. నూనె రాస్తుంది. వేళ్లు ఒక్కొక్కటే వంచుతుంది. చేతితో మాట్లాడుతుంది. ఏ ఒంటి తొడుగు చంక కుట్టు ఎన్నిసార్లు విప్పి కుట్టిందో, ఏ సూది ఎక్కడ పోగొట్టుకుందో అన్నీ చెప్తుంది. అడుగువలసలో బయటికెళ్లే వాళ్ల ఒంటి తొడుగులకి ఆఖరి కుట్టు అప్పదే. యంత్రం కుట్టిన చోట్ల గాలి కారితే ఆవిడ వేళ్లకి తెలుస్తుంది. ఇనప చెయ్యి పెట్టుకోవచ్చు కానీ ఇనప వేలికి గాలి తెలియదు. ఆవిడ పని ఆగిపోయిన దగ్గర్నుంచీ బయటికి వెళ్లే వాళ్లని సగానికి తగ్గించేశారు.

నేను వింటూ పడుకుంటాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషి నవ్వితే ఎలా ఉంటుందో చూడలేదు.

నిన్న ఒకటి జరిగింది. ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఏదో చెప్తోంది. దోమ కుట్టినట్టు నా పాదం దురద పెట్టి, కాలివేళ్లు ముడిచాను. చెయ్యి ఆవిడ ఎడమ చేతిని గట్టిగా పట్టుకుంది.

"పట్టుకున్నాది!" అని అరిచింది. "సూరమ్మా, నా సెయ్యి నన్ను పట్టుకున్నాదే!" కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

పట్టుకున్నది నేను. ఆవిడ ఎడమ చేతి వెచ్చదనం నాకు తెలుస్తోంది. చెప్పాలి కదా, చెప్పలేకపోయాను. వదలడానికి కూడా మనసు రాలేదు.

గోళ్ల మీద గోరింటాకు పైకి జరిగిపోయింది. కింద తెల్లగా కొత్త గోరు వచ్చింది. అది నా నెత్తురుతో పెరిగిన గోరు. చెయ్యి తీసి ఆవిడకి అతికించే రోజు దగ్గర పడుతోంది.

ఏడు

మా ఆయన మాట పంపించాడు. అంత దూరం నుంచి గొంతు గరగరమంటోంది. "అప్ప ఎలాగున్నాది? నువ్వెలాగున్నావు? ఆ తొడుగు నేను వేసుకోడం లేదు, దాచినాను" అన్నాడు. వేసుకోవయ్యా, చలికి వేళ్లు పోతే నీవి మోయడానికి నాకింకో కాలు లేదు అని చెప్పి పంపాను.

డాక్టరు మా ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. అప్ప రక్తం శుభ్రమైపోయింది. ఆవిడ తలలో చేతి చోటు కూడా మళ్లీ తెరుచుకుంది. అంతవరకు మంచి కబురు.

"కానీ మొదట్లో పోయిన రోజులు పోయినట్టే" అన్నాడు. "ఆవిడ మణికట్టులో ఉన్న నరాన్ని మన్ను తినేసింది. చెయ్యి పని చేయాలంటే, ఇప్పుడు అందులోకి పాకిన మీ కాలి నరాన్నే కొంత తీసి వంతెన వేయాలి. అందులో పోగులుంటాయి. ఒక్కో వేలికి ఒక్కో పోగు."

"ఇస్తే నా పాదం?" అన్నాను.

"రెండు పోగుల దాకా ఫర్వాలేదు. చివరి వేళ్లు కొంచెం మొద్దుబారతాయి, అంతే. మూడోది తీస్తే బొటనవేలి పట్టు పోతుంది. అయిదూ తీస్తే పాదం వేలాడిపోతుంది. మళ్లీ పెరుగుతుందని నేను చెప్పలేను."

"అసలేమీ తీయకపోతే?"

"చెయ్యి ఉంటుంది. మైనపు చెయ్యిలా ఉంటుంది."

మా ఊరి కట్టుబాటులో ఇలాంటప్పుడు మోసేమనిషి మాటే చివరి మాట. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. నేను గోడ వైపు చూశాను.

ఎనిమిది

ఇద్దరం వంటింట్లో కూర్చుని వాటాలు వేసుకున్నాం. ఏ ఇంట్లోనైనా తోడికోడళ్లు వాటాల కోసం కొట్టుకుంటారు, మేమూ కొట్టుకున్నాం. కాకపోతే తిరగేసి.

"నాకేటీ వొద్దు" అంది. "నాకు ఎడం సెయ్యి ఉన్నాది. నువ్వు బావి ఎక్కాల."

"ఎడం చేత్తో కుడతావా?"

"నేర్సుకుంటాను."

"ఈ వయసులో నేర్చుకునేటప్పటికి బయటికెళ్లిన వాళ్లందరూ చస్తారు. అందులో మన మొగుళ్లు కూడా ఉన్నారు. అయిదూ తీసుకో."

"అయిదా! కాలు ఈడ్సుకుంటూ నువ్వు తిరగతా ఉంటే నాను ఆ సేత్తో ఏ మొకం పెట్టుకుని కుడతానే?"

"సరే, చెప్పు. సూదికి ఎన్ని వేళ్లు కావాలి?"

ఆ ప్రశ్నకి మాత్రం ఆవిడ అబద్ధమాడలేకపోయింది. ఎడమ చేత్తో గాల్లో సూది పట్టుకుని చూసుకుంది. "బొటనవేలు, సూపుడువేలు. ఆనుకోడానికి మధ్యేలు ఉంటే మంచిది. లేకపోతే వేలికి ఇనప టోపీ పెట్టుకుని తోసుకోవచ్చు."

"అయితే మూడు."

"రెండు."

"మూడు. నా మాటే చివరి మాట. చిటికెన, ఉంగరం వేళ్లు నాకొదిలెయ్."

"నీ కాలి బొటనేలు పోద్ది కదే. కమ్మీ ఎలాగ పట్టుకుంటావు?"

"తాడు కట్టుకుంటాను."

తాడు కట్టుకుని బావి ఎక్కే వాళ్లని నేనే ఇన్నాళ్లూ వెక్కిరించేదాన్ని. అప్ప చాలాసేపు నా పాదం వైపు చూసింది. చివరికి సరేనంది. పొద్దున్నే డాక్టరుకి మూడని చెప్పాం.

తొమ్మిది

రేపే. భయంగా ఉంది. ఈ పలక మీద అనిపించింది రాయమన్నారు కాబట్టి నిజమే రాస్తున్నాను. మూడు అని గట్టిగా అన్నది నోరు. మనసు మాత్రం ఆవిడ ఒప్పుకోకపోతే బావుండునని కొట్టుకుంటోంది. ఇందాక ఖాళీ నడవాలో కమ్మీ పట్టుకుని, ఒక్క ఎడమ బొటనవేలి మీద వేలాడి చూసుకున్నాను. ఎంత గట్టి వేలో! చెయ్యి కూడా దాంతోపాటు పిడికిలి బిగించింది. ఇద్దరం కలిసి వేలాడాం.

ఆవిణ్ని వెళ్లి ఇంకోసారి అడిగితే, మూడోది వద్దంటుంది. నాకు తెలుసు. అందుకే వెళ్లలేదు. నేను అడగకుండానే తనే వద్దంటే బావుండునని కూర్చున్నాను.

పది

మెలకువ రాగానే ముందు తెలిసింది చలి. ఎడమ పాదానికి దుప్పటి చాలలేదు, చల్లటి గాలి తగులుతోంది. బొటనవేలు కదిపాను. కదిలింది. మంచం కమ్మీ దొరికింది, పట్టుకున్నాను. పట్టు ఉంది. చిటికెన వేలు, దాని పక్కది మాత్రం ఎవరివో అన్నట్టున్నాయి. పిక్క మీద బరువు లేదు.

డాక్టరుని పిలిచి, "ఎన్ని తీశారు?" అన్నాను.

"రెండు."

"నేను మూడు చెప్పాను. నా మాటే చివరి మాట."

"ఇచ్చేదాంట్లో చివరి మాట మీదేనమ్మా. తీసుకునేవాళ్లు తక్కువ చాలంటే బలవంతంగా పెట్టే కట్టుబాటు లేదు. మీకు మత్తు ఇచ్చాక చెప్పిందావిడ."

పక్క మంచం మీద అప్ప పడుకుని ఉంది. కుడి చేతికి మోచెయ్యి దాకా కట్టు, బయటికి వేళ్లు. బొటనవేలు, చూపుడువేలు మెల్లగా దగ్గరికొచ్చి ముట్టుకుంటున్నాయి, విడిపోతున్నాయి. మిగిలిన మూడూ అలాగే పడున్నాయి.

"దొంగదానా!" అని అరిచాను. నర్సులు పరిగెత్తుకొచ్చారు. "ఎవర్నడిగి చేశావు?"

"నన్నే అడుక్కున్నాను. ఊరుకో, కుట్లు తెగిపోతాయి."

దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను. ఆవిడ మీద కోపంతో ఏడుస్తున్నాననే అందరూ అనుకున్నారు. నేను మనసులో కోరుకున్నదే జరిగింది. దుప్పటి కింద, ఎవరికీ కనపడకుండా, బొటనవేలు మళ్లీ మళ్లీ కదిపి చూసుకున్నాను. సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పదకొండు

నేను బావి పనికి వెళ్తున్నాను. అప్ప సూది పట్టింది. వేలికి టోపీ పెట్టుకుని, నిదానంగా, కానీ కుడుతోంది. చూపుడువేలికి గాలి తెలుస్తోందట. రెండు తొడుగులు పూర్తి చేసింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

ఇవాళ డాక్టరు గంజి మాన్పించి అన్నం తినమన్నాడు. ఇన్నాళ్లకి అన్నం. నేనే వండాను, ఆవిడ పొయ్యి మీదే. కంచంలో వేడిగా అన్నం, పప్పు, నెయ్యి వేసి ముందు పెట్టాను. ఆవిడ చెయ్యి కడుక్కుని కూర్చుంది. కలపబోయింది.

రెండు వేళ్లతో అన్నం కలవదు. బొటనవేలూ చూపుడువేలూ పట్టుకున్నంత పట్టుకున్నాయి, నాలుగు మెతుకులు. అడ్డం నిలవడానికి మూడో వేలు లేదు. నోటి దాకా వచ్చేసరికి మెతుకులు కంచంలో పడ్డాయి. మళ్లీ పట్టుకుంది. మళ్లీ పడ్డాయి. మూడోసారి ఒక్క మెతుకు నోట్లోకి వెళ్లింది.

చెంచా తెచ్చిచ్చాను. కింద ఆనుకోడానికి మధ్యవేలు లేక అది గిర్రున తిరిగిపోయింది.

"ఎడం చేత్తో తిను అప్పా. ఎవరు చూస్తున్నారు?"

"నాను సూస్తన్నాను కదే" అంది.

అన్నం వైపు అలాగే చూస్తూ కూర్చుంది. చెయ్యి తెగినప్పుడు ఏడవని మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు వంటింట్లో అంతసేపు వేళ్లు పంచుకున్నాం. సూది లెక్క చూసుకున్నాం, కమ్మీ లెక్క చూసుకున్నాం. అన్నం వండే గదే కదా అది, ఇద్దరిలో ఒక్కరికీ అన్నం గుర్తు రాలేదు.

ముద్ద కావడానికి ఇంకొక్క వేలు చాలు. ఆ వేలి పోగు నా కాల్లో ఉంది. పీట మీద కూర్చుని ఉంటే, కమ్మీ కింద నా బొటనవేలు ఎంత గట్టిగా పట్టుకుని ఉందో నాకు తెలుస్తూనే ఉంది.

కంచం నా వైపు లాక్కున్నాను. అన్నం కలిపి ముద్ద చేసి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. చాలాసేపు నోరు తెరవలేదు. చెయ్యి దించలేదు నేను. చివరికి తెరిచింది. కంచం ఖాళీ అయ్యేదాకా ముద్దలు పెడుతూనే ఉన్నాను.

రేపు పొద్దున్నే వెళ్లి నా షిఫ్టు మార్చమని అడగాలి. మధ్యాహ్నమూ, సాయంత్రమూ అన్నం వేళకి నేను ఇంట్లో ఉండాలి.